కృపావతి టీచరు గోదురుకప్ప

నాకు ఎండాకాలమంటే ఒళ్లు మంట. జగ్గయ్యపేటలో పుట్టి, అక్కడే ఉద్యోగం వెలగబెట్టినదాన్ని ఈ మాట అనకూడదేమో గాని, వైశాఖం ముదిరిందంటే మా ఊళ్లో మనుషులు మనుషుల్లా మాట్లాడుకునేవాళ్లు కాదు. బావులు అడుగంటి, బిందె నిండటానికే పూటంతా పడుతుంటే ఎవరి నోట మంచిమాట వస్తుంది? సాగర్ కాలవ వచ్చాక ఊరి తీరు మారింది. నేను చెప్పబోయేది ఆ కాలవ ఇంకా రాని రోజుల సంగతి, పందొమ్మిది వందల అరవై నాలుగు. ఆ ఏడు నా వేసవి సెలవులు మొత్తం కృపావతి టీచరు మింగేసింది.

ఆమె మా ఆడపిల్లల హైస్కూల్లో పేరుకు సైన్సు టీచరు, నేను తెలుగు. అప్పటికి నలభై దగ్గర పడుతున్న మనిషి. బక్కగా, తెల్ల నూలు చీరలో, చేతిలో ఎప్పుడూ ఒక పాత గొడుగుతో ఉండేది. పుట్టింది వత్సవాయిలో. తండ్రి శాంతయ్య, తల్లి ఆరోగ్యమ్మ పొలం కూలికి పోయేవాళ్లు. పిల్ల చురుకైందని మిషనువాళ్లు బోర్డింగులో చేర్చుకుని, అక్కడి నుంచి మద్రాసు పంపి బీయస్సీ చదివించారు. చెట్ల సంగతీ, జంతువుల సంగతీ చదువుకుని, పట్టా పుచ్చుకుని మా బళ్లో చేరింది. చేరి ఏం చెప్పింది? కింది తరగతులకు లెక్కలు. గోళ్లు కత్తిరించుకోవాలనీ, నీళ్లు కాచి తాగాలనీ ఆరోగ్య సూత్రాలు. సాయంత్రం పూట కుట్లు. ఆమె చదువుకున్న జీవశాస్త్రం అనే సబ్జెక్టే మా బళ్లో లేదు. పదిహేనేళ్లు అట్లా గడిచిపోయాయి.

"భారతిగారూ, నేను చదివింది నా నోటితో ఒక్కసారన్నా చెప్పకుండానే రిటైరైపోతానేమోనండీ" అని ఒకసారి పిల్లల కుట్లు విప్పుతూ నాతో అంది. అనటం అన్నది గాని ముఖంలో కోపం లేదు, అలసటే ఉంది. కోపం నాకు వచ్చింది.

ఆ ఏడు మార్చిలో పై నుంచి ఉత్తరువు వచ్చింది. మా బడిని హయ్యర్ సెకండరీ చేస్తున్నారు. తొమ్మిదో తరగతి నుంచి జీవశాస్త్రాన్ని ప్రత్యేకంగా, పెద్ద చదువులకు పనికొచ్చేట్టు చెప్పుకోవచ్చు. అయితే చేరటానికి పదిమంది పిల్లలన్నా సిద్ధంగా ఉండాలి, చిన్నదో పెద్దదో ప్రయోగశాల ఉండాలి. జూన్‌లో బడి తెరిచే ముందు ఒక అధికారి వస్తారు, ఆయన ఎదుట టీచరు కప్పను పెట్టి దాని ఒంట్లో రక్తం ఎట్లా తిరుగుతుందో చూపించాలి. ఆయనకు నచ్చితే ఆ సబ్జెక్టు మాది. నచ్చకపోతే ఇంకో ఊరిది.

మా హెడ్మిస్ట్రెసు దుర్గాంబగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎందుకొచ్చిన గొడవమ్మా కృపావతీ? మనవల్ల కాదని రాసి పారేద్దాం" అంది.

"రాయకండి మేడం. నేను చూసుకుంటా" అంది కృపావతి.

అంత గట్టిగా ఆమె మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు. ముచ్చటేసింది. ఆ ముచ్చటతో "నేనూ సాయం చేస్తా" అని నోరు జారాను.

ముందు పిల్లల్ని కూడగట్టాలి. ఏప్రిల్ ఎండలో ఇల్లిల్లూ తిరగటం మొదలుపెట్టాం. నన్ను ఎందుకు వెంట తిప్పుకుందో రెండో ఇంటి దగ్గరే తెలిసింది. మాది వ్యవసాయం కుటుంబం, ఊళ్లో సగం మంది చుట్టాలు. నాకు వసారాలో చాప పరిచేవాళ్లు, ఆమెను అరుగు దగ్గరే ఆపేసేవాళ్లు. నేను చాప మీద కూర్చోకుండా ఆమె పక్కనే అరుగంచున కూర్చునేదాన్ని. వాళ్ల మొహాలు మాడిపోయేవి. మాడనీ అనుకునేదాన్ని.

రాఘవమ్మ అని, నాకు పెదనాన్న వరసయ్యే ఆయన కోడలు. నోరున్న మనిషి, ఆ వీధి ఆడవాళ్లకు ఆమె మాటంటే మాటే. ఆమె కూతురు తిరుపతమ్మ ఎనిమిదో తరగతి పాసై కూర్చుంది.

"సైన్సు చదివి ఏం చేసుకుద్దండీ మా పిల్ల?" అంది రాఘవమ్మ చేటలో కందులు చెరుగుతూ.

"లేడీ డాక్టరు కావాలన్నా, నర్సు కావాలన్నా ఇదే దోవండీ" అంది కృపావతి.

రాఘవమ్మ నవ్వబోయి ఆగిపోయింది. చేట పక్కన పెట్టింది. "నా రెండో కాన్పుకి నందిగామ తీసికెళ్తంటే దోవలోనే, బండిలోనే బిడ్డ పోయిందండీ. ఊళ్లో ఒక ఆడ డాక్టరుంటే బతికుండేదేమో" అంది. మళ్లీ చేట అందుకుంది. "రాసుకోండి దాని పేరు" అంది తరవాత. ఆమె ఊ అన్నాక ఆ వీధిలో మిగతా తల్లులూ ఊ అన్నారు. కిందా మీదా పడి పదిమందిని పోగుచేశాం. పదకొండో పిల్ల దొరకలేదు.

మే నెలంతా తెల్లవారుతూనే తరగతి. జూన్‌లో మొదలయ్యే చదువుకు పిల్లల్ని ముందే తయారుచెయ్యకపోతే అధికారి ముందు నోరు తెరవలేరని ఆమె పట్టుదల. బడి వెనక రెండు గదుల్లో ఆమె, ముసలి ఆరోగ్యమ్మ ఉండేవాళ్లు. ఆ గదుల ముందు తాటాకు పందిరి కింద పిల్లలు కూర్చునేవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో పని. ఒకతె జొన్నలు తడి గుడ్డలో కట్టి మొలకెత్తించాలి. ఒకతె జిల్లేడు, తంగేడు, కానుగ ఆకులు కోసుకొచ్చి పాత పేపర్ల మధ్య పెట్టి సన్నికల్లు కింద అణచాలి. ఒకతె చీమలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో రోజూ చూసి బొమ్మ గీసి తేవాలి. బడి బీరువాలో ఎప్పటిదో ఒక మైక్రోస్కోపు తుప్పు పట్టి పడి ఉంటే, కృపావతి దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి తుడిచి కంటికి ఆనేట్టు చేసింది. ఉల్లిపొర కింద పెట్టి పిల్లలకు చూపించింది. తిరుపతమ్మ చూసి "గోడ కట్టినట్టు ఇటికలండీ!" అని అరిచింది. అప్పటి నుంచి ఆ పిల్ల మైక్రోస్కోపును వదిలితే ఒట్టు.

నా పని ఏమిటంటారా? నీళ్లు మొయ్యటం. బీయే బీయీడీ చదివి పదిమంది పిల్లలకు, ముప్పై మొలక గిన్నెలకు నీళ్లు మోశాను. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లి పడితే, మా ఇంట్లో మనుషులు నన్ను చూసి జాలిపడి అన్నం పెట్టేవాళ్లు గాని పలకరించటానికి జంకేవాళ్లు.

అన్నీ కుదిరాయి, కప్ప ఒక్కటే కుదరలేదు. కప్పలు కావాలంటే నీళ్లుండాలి. పాలేరు వాగు ఎండి ఇసక పర్రయింది. చెరువు నెర్రెలిచ్చింది. బావి గట్టున చూద్దామంటే మా వాళ్ల బావి దగ్గరికి ఆమెను రానివ్వరు. నేను వెళ్లి వంగి చూస్తే అడుగున నీళ్లే లేవు, కప్ప ఎక్కడుంటుంది? చివరికి నందిగామ దగ్గర మునేట్లో చెలమలు తవ్వుతున్నారని ఎవరో అంటే, కృపావతి ఒక మూతి వెడల్పు కుండ పట్టుకుని బస్సెక్కింది. నన్నూ ఎక్కించింది. ఇసకలో నడుము లోతు గుంటలు తవ్వుకుని ఆడవాళ్లు చిప్పలతో నీళ్లు తోడుకుంటున్నారు. ఆ తడి ఇసకలో చేతులు పెట్టి ఆమె పొద్దు వాలేదాకా దేవులాడింది. మూడు దొరికాయి. అందులో ఒకటి గోదురుకప్ప, అరచేతికి మించి ఉంది.

వచ్చేటప్పుడు బస్సులో కుండ దానంతటదే టకటకమంటోంది. కండక్టరు అనుమానంగా చూశాడు. "ఏముందమ్మా అందులో?"

"కప్పలు" అంది కృపావతి, దాపరికం లేకుండా.

"దేనికమ్మా?"

"చదువుకి."

వాడు కుండ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఎవురి చదువుకి, వాటికా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కుండ నా ఒళ్లోకి వచ్చింది.

మూడింట్లో ఒకటి ఎండకు చచ్చిపోయింది. ఇంకోదాన్ని కోసి చెయ్యి అలవాటు చేసుకుంది. పదిహేనేళ్ల తరవాత కత్తి పట్టుకుంటే మొదటి గాటు వంకర పోయిందని, గుండె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కుదిరిందని చెప్పింది. మిగిలింది గోదురుకప్ప. దాన్ని వంటింటి వెనక మట్టి తొట్టిలో, తడి ఇసకలో పెట్టింది. తన స్నానం నీళ్లు తగ్గించుకుని దానికి పోసింది. మిడతలు పట్టి పెట్టింది. ఆరోగ్యమ్మ గడపలో కూర్చుని "మద్రాసు చదువు చదివించి పంపిస్తే నా కూతురు కప్పకి ఆయా అయింది" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

మృగశిర కార్తె వచ్చింది. చినుకు లేదు. జొన్న, వేరుశనగ విత్తనాలు గాదెల్లోనే ఉన్నాయి. అధికారి రావటానికి మూడు రోజుల గడువుంది. ఆ పొద్దున నేను వెళ్లేసరికి రాఘవమ్మ, ఆమె వెనక ఏడెనిమిది మంది ఆడవాళ్లు బడి వెనక నిలబడి ఉన్నారు. ఒకరి భుజం మీద రోకలి, వేపమండలు.

మా వైపు వాన పడకపోతే ఆడవాళ్లు కప్పతల్లి ఆడతారు. రోకలి మధ్యలో వేపమండలు కట్టి, అందులో బతికున్న కప్పను గుడ్డతో కట్టి, ఇద్దరు మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. కప్ప చల్లబడి అరిస్తే ఆకాశం వింటుందని నమ్మకం. వాళ్లకు వచ్చిన చిక్కేమిటంటే ఊళ్లో కప్ప లేదు. ఉన్నదల్లా కృపావతి తొట్టిలో ఉంది.

"టీచరుగారూ, మీ కాడ కప్పుందంటగా. ఇప్పించండి" అంది రాఘవమ్మ.

నాకు ఒళ్లు మండింది. "ఆవిణ్ని బావి గట్టు ఎక్కనివ్వరు గాని, ఆవిడ పెంచిన కప్ప మాత్రం కావాల్సొచ్చిందా?" అన్నాను. రాఘవమ్మ తల దించుకుంది గాని కదల్లేదు. ఆమెకు మాత్రం వేరే దారేముంది? గాదెలో విత్తనాలు గాదెలోనే పుచ్చిపోతున్నాయి.

కృపావతి తొట్టి పక్కన చతికిలబడింది. ఎండలో తిరిగి తిరిగి ఆమె కళ్ల కింద నల్లబడి ఉంది. ఇస్తే అధికారికి ఏం చూపిస్తుంది? ఇవ్వకపోతే ఈ తల్లుల పిల్లలు రేపు రారు. పదిహేనేళ్లు ఎదురుచూసింది ఒక కప్ప దగ్గరికి వచ్చి ఆగింది.

"తిరిగి తెచ్చిస్తారా రాఘవమ్మగారూ, ప్రాణాలతో?" అంది.

"దేవుడి మీద ఒట్టండీ."

"గట్టిగా కట్టకండి. చర్మం ఆరితే చచ్చిపోద్ది. నేనూ వస్తా మీతో."

అట్లా కప్పతల్లి వెనక తడిగుడ్డ పట్టుకుని కృపావతి ఊరంతా నడిచింది. పాట ఆగినప్పుడల్లా ముందుకు వెళ్లి వేపమండలు ఎత్తి, కప్ప ఊపిరి చూసేది. గొంతు కింద చర్మం కొట్టుకుంటుంటే సరేనని తల ఊపేది. ఆమె అంత శ్రద్ధగా నడుస్తుంటే ఆడవాళ్లు భక్తనుకున్నారు. ఒకావిడ ఆమెకు కూడా బొట్టు పెట్టబోయింది. ఆ సంగతి సాయంత్రానికి చర్చి దాకా వెళ్లింది. "కప్పకి మొక్కావంట గదే!" అని ఆరోగ్యమ్మ నెత్తి కొట్టుకుంది. "మొక్కలేదమ్మా, కాపలా కాశా" అని చెప్పి కృపావతి నులకమంచం మీద వాలిపోయింది.

ఆ రాత్రే వాన కురిసింది. ఈదురుగాలి, ఉరుములు, తరవాత తెరిపి లేని వాన. నా జన్మలో అంత సంతోషంగా తడిసింది లేదు.

తెల్లవారి రాఘవమ్మ మాట నిలబెట్టుకుంది. కప్పను కొత్త మట్టి మూకుడులో పెట్టి, పైన వేపాకు కప్పి తెచ్చింది. కప్ప నడినెత్తిన పసుపు, కుంకుమ. బతికే ఉంది. మూకుడు కృపావతి చేతిలోకి నేరుగా అందించింది. నేను చూశాను. అంతకుముందు ఏది ఇచ్చినా కింద పెట్టి, తీసుకోమనేది.

"మీ చేతి చలవండీ" అని చెంపలేసుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఇంక దీన్ని కొయ్యకూడదండీ. దీన్నే కాదు, ఏ కప్పనీ కొయ్యకూడదు. ఇప్పుడు కోస్తే పడ్డ వాన ఎనక్కి పోద్ది. కోస్తానంటే మాత్రం మా పిల్లల్ని పంపం. నేను ఒక్కదాన్నే కాదు, అందరం అనుకున్నాం" అంది.

ఏం చెప్పమంటారు! ఎండలో ఇసక తవ్వినా దొరకని కప్పలు ఇప్పుడు ప్రతి గుంటలోనూ గొంతు చించుకుని అరుస్తున్నాయి. వాకిట్లోకి, వంటింట్లోకి, నా పుస్తకాల బీరువా కిందికి కూడా వచ్చాయి. ఒక్కదాన్నీ ముట్టుకోవటానికి లేదు. నేను గొంతు పెంచి నాలుగు దులపబోతే కృపావతి నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ల భయం వాళ్లది భారతిగారూ. విత్తనాలేసుకునే రోజులు. ఇప్పుడు వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు" అంది. నిజంగానే లేదు. మాట కూడా నీరసంగా వచ్చింది. "దీన్ని మాత్రం కొయ్యను రాఘవమ్మగారూ. మాట" అని మాత్రం చెప్పింది.

ఆ రెండు రోజులు ఆమె పడుకున్నట్టు లేదు. వడ్రంగి బసవయ్య చేత ఒక చెక్కకు రూపాయి బిళ్లంత బెజ్జం పెట్టించింది. దాంతో ఏం చేస్తారంటే చెప్పలేదు.

అధికారి జీపులో బురద కొట్టుకుంటూ వచ్చాడు. పెద్దాయనే, ఆయనా బాగా అలిసిపోయి ఉన్నాడు. ఆ నెలలో ఎన్ని బళ్లు తిరిగాడో ఏమో, కుర్చీలో కూర్చోగానే చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు. పిల్లలు వరసగా నిలబడి అడిగినవాటికి జవాబులు చెప్పారు. ఆకులు చూశాడు, మొలకలు చూశాడు. "బాగానే తయారుచేశారే" అన్నాడు. దుర్గాంబగారు అంతా తన చేతి పనే అన్నట్టు సర్దుకుని కూర్చుంది. వరండాలో తల్లులంతా కిటికీలకు అతుక్కుని నిలబడ్డారు, ముందు రాఘవమ్మ.

"కప్పను కొయ్యండి, చూద్దాం" అన్నాడు ఆయన.

కృపావతి గోదురుకప్పను తడిగుడ్డలో చుట్టి చెక్క మీద పడుకోబెట్టింది. వెనక కాలు బయటికి తీసి, వేళ్ల మధ్య పల్చటి చర్మం బెజ్జం మీదికి వచ్చేట్టు వేళ్లను దారాలతో లాగి కట్టింది. చెక్కను మైక్రోస్కోపు కింద పెట్టి అద్దం తిప్పింది. "చూడండి సర్" అంది.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "రక్తం పారుతోంది" అన్నాడు.

"అవునండీ. చచ్చిన కప్పలో గొట్టాలు చూపించొచ్చు గాని పారటం చూపించలేం. మీరు చూపించమన్నది రక్తం తిరగటమే గదండీ?"

ఆయన నిటారుగా కూర్చున్నాడు. "బాగుందమ్మా, కాదనను. కాని చదువులో కోత ఉంది. పిల్లలు పరీక్షలో కొయ్యాలి. మీరు కోసి నేర్పించగలరా, లేదా? అది చెప్పండి."

కోస్తానంటే తల్లులు పిల్లల్ని లాక్కుపోతారు. కొయ్యనంటే ఈయన జీపెక్కుతాడు. అబద్ధం ఆడేస్తే బాగుండుననుకున్నాను, ఎవరితో ఆడాలో మాత్రం నాకూ తెలియలేదు.

"కోస్తానండీ. పిల్లల చేతా కోయిస్తా. కొయ్యకుండా ఈ చదువు రాదు" అంది కృపావతి. అధికారికి చెప్తూనే కిటికీ వైపు తిరిగింది. "ఇవాళ మాత్రం కొయ్యలేనండీ. ఈ కప్పను కొయ్యనని వాళ్లకు మాటిచ్చా. రాఘవమ్మగారూ, లోపలికి రండి. మీరూ చూడండి, మేం చదివేదేమిటో."

రాఘవమ్మ వెనకా ముందూ ఆడుతూ లోపలికి వచ్చింది. తిరుపతమ్మ తల్లి తల పట్టుకుని ఏ కన్ను మూయాలో చెప్పింది. రాఘవమ్మ చూసింది. కాసేపటికి "ఓయమ్మో, కాలవలే! పెద్ద కాలవలోంచి పిల్ల కాలవలు. పారతన్నాయే!" అంది. తల ఎత్తి తన చెయ్యి చూసుకుంది. "నాలోనూ ఇంతేనా?"

"నీలోనూ ఇంతే, అందరిలోనూ ఇంతేనమ్మా" అంది తిరుపతమ్మ. "కాన్పులో ఈ కాలవ తెగితేనే మనుషులు పోతారు. ఏది ఎక్కడుందో నేను తెలుసుకోవద్దా?"

రాఘవమ్మ మళ్లీ వంగి చూసింది. లేచి, వరండాలోకి వెళ్లి తల్లులతో గుసగుసలాడింది. అధికారి జేబుగుడ్డతో మొహం తుడుచుకుంటూ "ఏమిటండీ ఇది, పంచాయితీనా?" అన్నాడు. దుర్గాంబగారికి చెమటలు పట్టాయి.

రాఘవమ్మ తిరిగి వచ్చింది. "కోసుకోండి. కాకపోతే ఇప్పుడు కాదు. విత్తనాలు పడాలి, పైరు ఎదగాలి, కోతలవ్వాలి. కల్లాలెత్తాక ఎన్ని కోసుకున్నా మేం అడగం. ఈలోపు ఒక్కదానికీ కత్తి తగలకూడదు" అంది.

అధికారి ఆమె వంకా, కృపావతి వంకా చూశాడు. "సంక్రాంతి వెళ్లాక కోస్తారంటారు. అంతేగా? ఏ నెల్లో కోస్తే నాకేమ్మా, పరీక్షల్లోపు కొయ్యండి చాలు" అని అక్కడే సంతకం పెట్టాడు. ఆంధ్రదేశంలో వేరుశనగ పంటను బట్టి కప్పల కోత జరిగిన బడి మాదొక్కటేననుకుంటాను.

జీపు వెళ్లిపోయాక కృపావతి దారాలు విప్పి కప్పను బడి వెనక గుంటలో వదిలింది. "కల్లాలయ్యేసరికి మళ్లీ నీళ్లెండిపోతాయి. వానల్లో పట్టి అప్పటిదాకా తొట్లో మేపాలి భారతిగారూ" అంది. నేను రెండు చేతులూ జోడించి ఇంటికి వెళ్లిపోయాను.

బడి తెరిచారు. జీవశాస్త్రం మొదటి పీరియడు మధ్యాహ్నం పడింది. బయట సన్నగా వాన, చల్లగా ఉంది. నా తరగతి పక్క గదే. ఆమె గొంతు వినాలని నేను మా పిల్లలకు చూచిరాత ఇచ్చి చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎంతకీ మాట వినపడదు. ఉండబట్టలేక వెళ్లి చూశాను.

బోర్డు మీద ఆ రోజు తేదీ, కింద జీవశాస్త్రం అని రాసి ఉంది. కృపావతి కుర్చీలో గోడకు తల ఆనించి నిద్రపోతోంది. చేతిలో సుద్దముక్క అట్లాగే ఉంది. పిల్లలు చప్పుడు లేకుండా పని చేసుకుంటున్నారు. తిరుపతమ్మ గుంట నీళ్లు ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒకరి తరవాత ఒకరు వచ్చి చూసి, వెళ్లి బొమ్మ గీసుకుంటున్నారు. నేను ఆమెను లేపబోతే తిరుపతమ్మ అడ్డం వచ్చింది. "వద్దండీ, పడుకోనివ్వండి" అని గుసగుసగా చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుండిపోయాను.

గంట కొట్టారు. ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది? ఎంతసేపైంది?"

"పీరియడు అయిపోయిందండీ" అంది తిరుపతమ్మ.

"మరి పాఠం?"

"అదీ అయిపోయిందండీ. నీళ్లచుక్కలో జీవులు."

"ఎవరు చెప్పారు?"

"మీరే గదండీ, సెలవుల్లో."

కృపావతి పిల్లల బొమ్మల వంక చూసింది. బోర్డు వంక చూసింది. "నన్ను లేపకూడదా? పదిహేనేళ్ల నుంచి నేను ఈ ఒక్క..." అని ఆగిపోయింది. అటు తిరిగి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవటం నేను చూసింది ఆ ఒక్కసారే, పిల్లలందరి ముందూ. నాకూ ఆగలేదు.

చెంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. "కూర్చోండి. మొదటి నుంచి చెప్తా" అంది. తరవాతి పీరియడు డ్రిల్లు. ఒక్క పిల్లా లేవలేదు. ప్రాణమున్నదానికీ ప్రాణం లేనిదానికీ తేడా ఏమిటో ఆమె చెప్పటం మొదలుపెట్టింది. మే నెలలో వాళ్లందరికీ నోటికి వచ్చేసిన పాఠమే. తెలిసిందేనని ఒక్కరి మొహంలోనూ కనపడలేదు. డ్రిల్లు టీచరు బయట రెండుసార్లు ఈల వేసి, లోపలికి తొంగి చూసి, తనూ వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.